పెద్దవాళ్ల డిప్రెషన్: పిల్లల దగ్గరికి తెచ్చుకుంటే తగ్గుతుందా?

వరండా:
అమ్మో నాన్నో ఒంటరిగా ఉంటూ దిగులుగా కనిపిస్తే చాలా ఇళ్లలో మొదట వచ్చే మాట "మా దగ్గరికి తెచ్చేసుకుంటాం" అని. అది చికిత్సా, చికిత్సను వాయిదా వేయడమా? తగ్గుతుందనేవాళ్లూ తగ్గదనేవాళ్లూ కారణాలతో రాయండి. సొంత కథలు వద్దు.

పాతకలం:
ఒంటరిగా ఉండటం వేరు, ఒంటరితనం వేరు. నలుగురున్న ఇంట్లోనే పొద్దుట్నుంచి రాత్రిదాకా ఎవరూ పలకరించని మనిషి ఉండొచ్చు. పైగా మకాం మారిస్తే ఏం పోతుందో చూడండి: రోజూ మాట కలిపే ఇరుగుపొరుగు, అలవాటైన నడక దారి, జబ్బుల చరిత్రంతా తెలిసిన డాక్టరు, ఏ డబ్బా ఎక్కడుందో చేతికి తెలిసిన వంటిల్లు. బిహేవియరల్ యాక్టివేషన్ అనే చికిత్స నడిచేదే ఇలాంటి చిన్న చిన్న పనుల మీద. మనమేమో వాటన్నిటినీ ఒక్కరోజులో ఊడబెరికి, అదే వైద్యం అనుకుంటాం.

నీలిగొడుగు:
అంత తేలిగ్గా తీసెయ్యకండి. డిప్రెషన్‌లో ఉన్నవాళ్లు సరిగ్గా వండుకోరు, తినరు. మాత్రలు మరిచిపోతారు, లేదా రెండుసార్లు వేసుకుంటారు. బరువు తగ్గడం, నడకలో తూలడం ఫోనులో వినపడవు. ఫోనులో ఎప్పుడూ "బాగానే ఉన్నాను" అనే జవాబే. భార్యో భర్తో పోయిన తొలి నెలల్లో అయితే కనిపెట్టుకుని ఉండే మనిషి ఉండి తీరాలి.

పాతకలం:
మనిషి ఉండాలి, ఒప్పుకుంటాను. ఉండి ఏం చేస్తున్నారన్నదే తేలాలి. 1989లో హూలీ, టీస్‌డేల్ అనే పరిశోధకులు డిప్రెషన్ రోగులను ఒక ప్రశ్న అడిగారు: మీ భార్య లేదా భర్త మిమ్మల్ని ఎంతగా తప్పుపడతారు, 1 నుంచి 10 లోపు అంకె చెప్పండి. ఎక్కువ అంకె చెప్పినవాళ్లలోనే జబ్బు ఎక్కువగా తిరగబెట్టింది. ఆ అధ్యయనం ప్రత్యేకించి వృద్ధుల మీద చేసింది కాదు. కానీ రోజంతా ఇంట్లోనే ఉండే పెద్దవాళ్లకు ఆ దెప్పులనుంచి తప్పించుకునే చోటు ఇంకా తక్కువ.

రెండో హాని ప్రేమ రూపంలో వస్తుంది. "నువ్వు కూర్చోమ్మా, నేను చేస్తాగా" అంటూ మొదట బ్యాంకు కాగితాలు తీసేసుకుంటారు, తర్వాత మాత్రల డబ్బా, ఆ తర్వాత కూరలు తరిగే కత్తి. చివరికి మిగిలేది కుర్చీ, టీవీ. "నేనెందుకూ పనికిరాను" అన్న భావన డిప్రెషన్ ముఖ్య లక్షణాల్లో ఒకటి. దాన్ని ఇంట్లోవాళ్లే దగ్గరుండి రుజువు చేసిపెడతారు. చేయగలిగిన పని నిదానంగా జరిగినా వాళ్లనే చేయనివ్వాలి. చేయలేని భాగంలోనే చెయ్యి వేయాలి. మాత్రలు డబ్బాలో సర్దుకోవడం వాళ్ల పని, వారానికోసారి సరిచూడటం మీ పని.

మూడోమెట్టు:
ఇద్దరూ కుటుంబం డిప్రెషన్‌ను ఏం చేస్తుందో చెబుతున్నారు. డిప్రెషన్ కుటుంబాన్ని ఏం చేస్తుందో కూడా చూడాలి. ముభావంగా, చిరాగ్గా ఉండే మనిషికి చుట్టూ ఉన్నవాళ్లు మొదట ధైర్యం చెబుతారు, తర్వాత విసుక్కుంటారు, ఆఖరికి తప్పుకుంటారు. కోయిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1976లోనే ఈ చక్రం గురించి రాశాడు. అందుకని సంబంధాలు చెడ్డ ఇంట్లో డిప్రెషన్ కనిపించినంత మాత్రాన కోడలినో కొడుకునో దోషిని చేయలేం.

ఇంకో మాట. అరవై దాటాక మొదటిసారి వచ్చే డిప్రెషన్ వెనక మెదడులోని సన్నటి రక్తనాళాలు దెబ్బతినడం ఉండొచ్చు. అలాంటప్పుడు ఏడుపు కంటే ఎక్కువగా కనిపించేది పని మొదలుపెట్టలేకపోవడం. "స్నానానికి వెళ్లమంటే గంటైనా కదలడు" అని ఇంట్లో దాన్ని మొండితనం కింద జమకట్టేస్తారు. పాతకలం గారు చెప్పిన దెప్పులు పుట్టేది అక్కడే. థైరాయిడ్, బి12, రక్తహీనత పరీక్షలు, వినికిడి పరీక్ష, వాడుతున్న మందుల జాబితా (ముఖ్యంగా స్టెరాయిడ్లు) చూడకుండా బంధుత్వాల పంచాయితీ పెట్టడం తొందరపాటే. అమెరికాలో ఇంపాక్ట్ అనే ట్రయల్ జరిగింది, 2002లో ఫలితాలు వచ్చాయి. అరవై ఏళ్లు, ఆ పైబడినవాళ్లు 1,801 మంది. మామూలు డాక్టరు దగ్గరే, ఒక కేర్ మేనేజరు క్రమంగా కనిపెట్టుకుని ఉంటూ మందో, సమస్యా పరిష్కార చికిత్సో నడిపించారు. 12 నెలలకు లక్షణాలు సగానికి తగ్గినవాళ్లు ఆ గుంపులో 45 శాతం, మామూలు వైద్యం పొందినవాళ్లలో 19 శాతం. ఎవరి ఇల్లూ మార్చలేదు.

నీలిగొడుగు:
ఆ మందు మధ్యలో మాన్పించేది ఎవరండీ? "పది రోజులైంది, గుణం లేదు, పైగా అలవాటైపోతుందట" అని ఇంట్లోవాళ్లే. పెద్దవాళ్లలో మందు తక్కువ మోతాదుతో మొదలవుతుంది, పూర్తి ఫలితానికి ఎనిమిది వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. తగ్గాక కూడా నెలల తరబడి వాడాలి. కుటుంబాన్ని పక్కనపెట్టి ఇదంతా ఎలా నడుస్తుంది?

మూడోమెట్టు:
నడవదు, నిజమే. డిప్రెషన్‌కు ఎక్కువగా రాసే ఎస్‌ఎస్‌ఆర్‌ఐ రకం మందులు మొదలుపెట్టిన తొలి వారాల్లో రక్తంలో సోడియం పడిపోతే మగత, తికమక, తూలడం వస్తాయి. దాన్ని ముందు గమనించేదీ ఇంట్లోవాళ్లే. "వయసు మీద పడింది" అని వదిలేయకుండా సోడియం పరీక్ష చేయించాలి.

వరండా:
సరే, డిప్రెషనా మామూలు దిగులా అని ఇంట్లో ఎలా పసిగట్టాలి?

పాతకలం:
రెండు వారాలకు పైగా దాదాపు రోజంతా దిగులో, దేనిమీదా ఆసక్తి లేకపోవడమో ఉంటే డాక్టరుకు చూపించాలి. పెద్దవాళ్ల కోసమే చేసిన జీడీఎస్ (జీరియాట్రిక్ డిప్రెషన్ స్కేల్) అనే ప్రశ్నావళి ఉంది. పొట్టి రూపంలో 15 ప్రశ్నలు, అవును కాదు అంటే చాలు. నిద్ర, ఆకలి గురించి అడగదు, ఎందుకంటే అవి ఒంటి జబ్బుల వల్లా చెడతాయి. స్కోరు 5 దాటితే నిపుణులు పరిశీలించాలి. అది సూచనే, నిర్ధారణ కాదు. ఎక్కువగా చెడేది ఎక్కడంటే, "మీ జీవితం తృప్తిగా ఉందా" అన్న ప్రశ్న రాగానే కొడుకు పక్కన కూర్చుని "నీకేం లోటు నాన్నా, అవును అని పెట్టు" అంటాడు. ఆ గదిలో బంధువులెవరూ ఉండకూడదు.

మూడోమెట్టు:
"బతకాలనిపించడం లేదా?" అని కూడా సూటిగా అడగాలి. అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. అవుననే జవాబొస్తే ఆ రోజే వైద్యసాయం. ఒంటరిగా వదలకూడదు, మాత్రల నిల్వలు, పురుగుల మందులు అందకుండా తీసేయాలి. అప్పుడు మాత్రం డబ్బా వాళ్ల చేతిలో ఉంచాలన్న పాతకలం గారి సలహా వర్తించదు.

పాతకలం:
అక్కడ మీ మాటే సరి.

నీలిగొడుగు:
నా మాట కొంచెం మారుస్తాను. తెచ్చుకోవచ్చు, కానీ ముందు ఒకటి రెండు నెలలకే. ఆ ఇల్లు అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు. జబ్బు ముదిరి ఉన్నప్పుడు ఆస్తి కాగితాల మీద సంతకాలు అసలే పెట్టించకూడదు. తిరిగి వెళ్లాలా వద్దా అన్నది, కాస్త తేరుకున్నాక, వాళ్లే చెప్పాలి.