యాభై దాటాక గిటార్... బ్యాండ్‌లో కలవొచ్చా? విశాఖ వాళ్ళు చెప్పండి

సీతమ్మధార54:
నాకు 54. గిటార్ మొదలెట్టి ఎనిమిది నెలలైంది. సి, జి, ఏ మైనర్ కార్డ్‌ల (కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మోగించడం) వరకు పర్లేదు. ఎఫ్ కార్డ్ దగ్గరికొచ్చేసరికి ఆరు తీగల్లో రెండు మూగబోతాయి. మా అపార్ట్‌మెంట్‌లో నలుగురు ఆదివారం సాయంత్రాలు టెర్రస్ మీద పాత సినిమా పాటలు వాయిస్తారు. "మీరూ రండి సార్" అంటున్నారు. నవ్వులపాలవుతానేమోనని టెన్షన్. మా ఆవిడేమో "ముందు ఒక్క పాటైనా చివరిదాకా వాయించండి" అంటోంది. లేటుగా మొదలెట్టినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

ఉక్కునగరం రిటైరీ:
ఉన్నానండి. రిటైరైన నెలలోనే కొన్నా. మొదట ఒక సెంటర్‌లో మూడు నెలల ఫీజు కట్టాను, పేరెందుకులెండి. పిల్లల బ్యాచ్‌లో కూర్చోబెట్టి వాళ్ళ వేగానికే పరిగెత్తించారు. మానేసి, ఇంటికొచ్చి నేర్పే కుర్రాణ్ణి పెట్టుకున్నా. మొదటి రోజే నా గిటార్ చూసి "తప్పు మీ వేళ్ళది కాదంకుల్" అన్నాడు. తీగలు ఫ్రెట్లకి, అదే గిటార్ మెడ మీది అడ్డకమ్మీలకి, మరీ ఎత్తుగా ఉన్నాయట. షాపులో దింపించి, లావుగా ఉండే 12 గేజ్ తీగలు తీసేసి సన్నవి, 10 గేజ్ వేయించాం. ఆ వారమే ఎఫ్ కాస్త పలికింది. మీదీ ఓసారి చూపించండి.

అన్నట్టు, ఎడమ చేతి వేళ్ళ చివర కాయలు కాస్తాయి. నవంబర్‌లో పెన్షన్‌కి లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వబోతే యంత్రం నా ఎడమ చూపుడు వేలి ముద్ర తీసుకోలేదు. "ఏం పని చేసేవారు తాతగారూ?" అన్నాడు అక్కడి అబ్బాయి. గిటార్ అంటే నమ్మలేదు. కుడి వేలు పెట్టి బయటపడ్డా.

బీచ్‌రోడ్ బేస్:
సముద్రం దగ్గరున్నవాళ్ళు తీగల సంగతి చూసుకోండి. మా బాల్కనీ గాలికి కొత్త సెట్ నెల తిరక్కుండానే తుప్పు పట్టింది. వాయించాక పొడి నూలుగుడ్డతో తుడిచి కేసులో పెట్టేయడమే.

వాల్తేరు వయొలిన్:
నాది 49లో మొదలైంది, కర్ణాటక వయొలిన్. వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామినాయుడు గారి పేరు మీద కళాక్షేత్రం ఉన్న ఊళ్ళో పుట్టి కమాను పట్టకపోతే ఎలా అని! మాయామాళవగౌళ రాగంలో సరళీ స్వరాలకే, అంటే మొదటి పాఠాలకే, ఏడాది పట్టింది. అసలు కష్టం వేళ్ళకి కాదు, మోకాళ్ళకి. బాసింపట్టు వేసుకుని వయొలిన్ తల కుడి పాదం మీద ఆనించాలి కదా, ఇరవై నిమిషాలకి కాలు మొద్దుబారుతుంది. లేచి, పప్పు స్టవ్ మీద పెట్టి, మళ్ళీ ఇరవై నిమిషాలు. మా గురువుగారు విజయనగరం సంగీత కళాశాలలో చదివారు, 1919లో పెట్టిన కాలేజీ అది. వయసు గురించి ఒక్క మాట అనలేదు. శ్రుతి తప్పితే మాత్రం ఊరుకోరు.

గాజువాక తబలా:
సార్, బ్యాండ్ అంటే డ్రమ్స్, గిటార్లే కాదు. నేను 46లో తబలా నేర్చుకుని భజన బృందంలో చేరాను, శనివారం శనివారం కూర్చుంటాం. అక్కడ తెలిసిందేంటంటే, ఇంట్లో ఒక్కళ్ళమే వాయిస్తుంటే తప్పు పడగానే ఆగి మొదట్నుంచి ఎత్తుకుంటాం. నలుగురిలో ఆ అలవాటే కొంప ముంచుతుంది. నేను తడబడి ఆగిపోయేవాణ్ణి, పాట నన్ను వదిలేసి వెళ్ళిపోయేది. మా హార్మోనియం పెద్దాయన "ఆగకు, చెయ్యి ఎత్తి ఊరుకో, సమం రాగానే దిగు" అన్నారు. సమం అంటే తాళంలో మొదటి దెబ్బ. మీరూ అంతే. ఎఫ్ రాకపోతే ఆ నాలుగు దెబ్బలూ ఊరుకుని తర్వాతి కార్డ్‌లో కలవండి. కార్డ్ వదిలేస్తే ఎవరికీ తెలీదు, తాళం వదిలేస్తే వీధి చివర కుక్కకి కూడా తెలిసిపోతుంది. ఫోన్‌లో మెట్రోనోమ్ (తాళానికి టిక్కు టిక్కుమనేది) నిమిషానికి 60కి పెట్టి, ఏం జరిగినా ఆగకుండా ఒక పాట లాగించండి. ఆవిడ చెప్పిందీ అదే కదా.

సీతమ్మధార54:
అందరికీ థాంక్సండి. తీగలు దింపించాను. నిన్న టెర్రస్ ఎక్కాను, మూడు పాటలు. రెండోదానికి కాపో (శ్రుతి పెంచడానికి గిటార్ మెడకి బిగించే క్లిప్పు) పెట్టడం మర్చిపోయా. వాళ్ళదొక శ్రుతి, నాదొక శ్రుతి. తబలా గారి మాట గుర్తొచ్చి ఆగలేదు, అదే పొరపాటైంది! పాటంతా అలాగే నడిపించా. డ్రమ్స్ ఆయనకి మాత్రం బాగుందట.

బీచ్‌రోడ్ బేస్:
మీకు బేస్ గిటార్ వాయించేవాళ్ళు ఉన్నారా? ఆదివారం ఎన్నింటికి?