కిండర్‌గార్టెన్‌లో మా వాడు పిల్లల్ని తోసేస్తున్నాడట, ఏం చేయమంటారు?

అందరికీ నమస్కారం. మాది రాజాం దగ్గర పల్లెటూరు. మా ఆయన ముందే న్యూజెర్సీ వచ్చారు, నేనూ బాబూ జనవరిలో వచ్చాం. వాడికి అయిదేళ్లు, ఎడిసన్‌లో కిండర్‌గార్టెన్‌లో వేశాం. ఊళ్లో మామ్మ దగ్గర గారాబంగా పెరిగాడు. ఇప్పుడు వారం వారం స్కూల్ నుంచి ఫోన్. ఒకసారి పక్క పిల్లాడిని తోశాడు, ఇంకోసారి లైన్లో ముందున్న పాప జుట్టు లాగాడు, నిన్న ఒకడి చెయ్యి కొరికాడట. టీచర్ మాట్లాడేది నాకు సగమే అర్థమవుతుంది. ‘సారీ, సారీ’ అని పెట్టేస్తున్నాను. మా ఆయనేమో నాలుగు తగిలిస్తే దారికొస్తాడంటారు. మా అత్తగారు ఫోన్లో “మా గుంటడ్ని ఏటీ అనకండి” అంటారు. స్కూల్లోంచి తీసేస్తారేమోనని ఒకటే టెన్షన్. వీసాకి ఏమైనా ఇబ్బందా? తెలిసినవాళ్లు చెప్పండి.

టెక్కలి నుంచి ఇక్కడికొచ్చిన ఒక అప్ప (అక్క):

చెల్లీ, రాజాం 2022లో విజయనగరం జిల్లాలోకి పోయింది గానీ మాకు మాత్రం మీరు శ్రీకాకుళం వాళ్లే. కాబట్టి చనువుగానే రాస్తున్నాను.

ముందు ఆ ఆఖరి భయం వదిలెయ్. అయిదేళ్ల పిల్లాడి అల్లరికీ వీసాకీ సంబంధం లేదు. పిల్లల స్కూల్ రికార్డులు గోప్యంగా ఉంచాలని 1974 నుంచే ఇక్కడ ఫెర్పా అని చట్టం ఉంది. తీసేయడం కూడా అంత తేలిక కాదు. ఎదుటివాళ్లకి ప్రమాదం తెచ్చే హింస లాంటిది ఉంటే తప్ప, రెండో తరగతి వరకు పిల్లల్ని సస్పెండ్ చేసి ఇంటికి పంపకూడదని న్యూజెర్సీలో 2016లో చట్టం చేశారు. అలాగని కొరకడం చిన్న విషయం కాదు. వాళ్లు గట్టిగానే పట్టించుకుంటారు, పట్టించుకోవాలి కూడా.

ఇక అసలు సంగతి. ఫోన్ రాగానే సారీ చెప్పి పెట్టేస్తే నీకేమీ తెలియదు. ఎప్పుడు జరిగింది, ఎక్కడ, దానికి ఒక్క నిమిషం ముందు ఏం జరిగింది? ఈ మూడూ ప్రతిసారీ అడుగు. గోడ మీద క్యాలెండర్‌లో ఆ తేదీ దగ్గరే రాసుకో. కొన్నాళ్లకి దారి నీకే కనిపిస్తుంది. మా పాప గొడవలన్నీ మధ్యాహ్నం భోజనం తర్వాతే జరిగేవి. తీరా చూస్తే స్టీలు ఫ్లాస్కు మూత! పొద్దున్నే వేడివేడి పప్పన్నం పెట్టి బిగిస్తాం కదా, చల్లారేసరికి మూత పట్టేస్తుంది. పెద్దవాళ్లకే రాదు, దానికేం వస్తుంది? ఎవరినైనా అడగడానికి ఇంగ్లీషు లేదు. డబ్బా అలాగే బ్యాగులో పెట్టేసుకుని, ఆకలి కడుపుతో క్లాసులో కూర్చుని, పక్కవాళ్ల మీద విరుచుకుపడేది. సాయంత్రం డబ్బా తెరిస్తే అన్నం పెట్టింది పెట్టినట్టే ఉండేది. పక్కకి నొక్కితే తెరుచుకునే ప్లాస్టిక్ డబ్బా కొన్నాం, సగం గొడవలు తగ్గాయి. మీ వాడికి ఊళ్లో మామ్మే కలిపి ముద్దలు పెట్టేదా? అయితే తన చేత్తో, ఆ కొద్దిసేపట్లో, ఆ గోలలో తినగలుగుతున్నాడో లేదో ముందు చూడు.

రెండోది మాట. ఊళ్లో అయితే “వాడే ముందు లాగీసుకున్నాడు” అని మామ్మ దగ్గరికి పరిగెత్తి చెప్పేవాడు. ఇక్కడ చెప్పుకునే దారి లేదు. అందుకే చెయ్యి లేస్తోంది, నోటితో కొరుకుతున్నాడు. రాత్రి ఇంట్లో ఆటలాగా ఆడండి. నువ్వు వాడి కారు బొమ్మ లాక్కో. వాడు అరచెయ్యి ముందుకు పెట్టి ‘స్టాప్’ అనాలి. నువ్వు వెంటనే ఇచ్చెయ్యాలి, అప్పుడే ఆ మాటకి బలం ఉందని వాడికి తెలుస్తుంది. తర్వాత ‘మై టర్న్’, ‘హెల్ప్ ప్లీజ్’, ‘బాత్‌రూమ్’. ఇవి చాలు, ఏబీసీడీలు తర్వాత చూసుకోవచ్చు. ఇంకోటి, మన దగ్గర పిల్లలు ఒకరి భుజం మీద ఒకరు చేతులేసుకుని, తోసుకుంటూ నడుస్తారు, ఎవరూ ఏమీ అనరు. ఇక్కడ లైన్లో మనిషికీ మనిషికీ మధ్య ఖాళీ ఉండాలి. టీచర్ రోజూ ‘హ్యాండ్స్ టు యువర్‌సెల్ఫ్’ అంటారు, దాని అర్థం ఇదే. హాల్లో బొమ్మల్ని వరసగా నిలబెట్టి వాడిచేతే చేయించు.

కొట్టడం మాత్రం వద్దు, మీ ఆయనకి కూడా చెప్పు. న్యూజెర్సీ బడుల్లో 1867లోనే బెత్తం నిషేధించారు. మన దగ్గర 2009 విద్యాహక్కు చట్టంలోనూ 17వ సెక్షన్ ఉంది, అమలు సంగతి నీకూ నాకూ తెలిసిందే. ఇంట్లో ఒక దెబ్బ వేస్తే పోలీసులొచ్చి పిల్లల్ని పట్టుకుపోతారని వాట్సాప్‌లో తిరిగేవి నమ్మకు. కానీ ఒంటి మీద వాత కనిపించి, పిల్లల్ని హింసిస్తున్నారన్న అనుమానం గట్టిగా వస్తే, పిల్లల సంరక్షణ శాఖకి చెప్పడం టీచర్ బాధ్యత. ఈ రాష్ట్రంలో ఆ బాధ్యత టీచర్‌కే కాదు, అందరికీ ఉంది. అదలా ఉంచు. పొద్దున పదింటికి చేసినదానికి సాయంత్రం నాలుగింటికి దెబ్బ పడితే ఎందుకు పడిందో అయిదేళ్లవాడికి తెలియదు.

స్కూల్ ఆఫీసులో ‘తెలుగు ఇంటర్‌ప్రెటర్’ కావాలని అడుగు. ఫోన్లో తెలుగు మాట్లాడేవాళ్లని కలుపుతారు, డబ్బులు తీసుకోరు. తల్లిదండ్రులకి అర్థమయ్యే భాషలో చెప్పడం స్కూల్ పని. 1964 పౌరహక్కుల చట్టం నుంచి వచ్చిన హక్కు ఇది, మొహమాటపడకు. మిగతా రోజుల్లో ఫోన్ బదులు ఈమెయిల్ రాయమని చెప్పు, నిదానంగా తర్జుమా చేసుకోవచ్చు.

మీ అత్తగారితో గొడవ పడకు. పొద్దున్న స్కూల్‌కి వెళ్లేముందు వీడియో కాల్ చేయించు. అక్కడ సాయంత్రం అవుతుంది కాబట్టి తీరిగ్గానే ఉంటారు. “నిన్న ఎవరినీ తోయలేదట కదా బావూ” అని ఆవిడ ఒక్క మాట అంటే, మనం వంద చెప్పినదానికంటే ఎక్కువ.

బొబ్బిలి నుంచి వచ్చిన ఒక అన్న:

అప్ప చెప్పినవన్నీ నిజమే గానీ, అంతా భాష మీదికీ డబ్బా మూత మీదికీ తోసేయలేం. తెలుగులో కూడా మాట వెనకబడి ఉందా? పిలిస్తే పలకడా? ఇంట్లోనూ, ఊళ్లోనూ ఇలాగే కొరికేవాడా? వీటిలో ఏ ఒక్కదానికి అవును అన్నా, ‘పెద్దయితే సర్దుకుంటుంది’ అని ఆగకండి. ముందు పిల్లల డాక్టర్ దగ్గర వినికిడి పరీక్ష చేయించండి. స్కూల్‌కి ‘మా బాబుకి ఇవాల్యుయేషన్ (ప్రత్యేక సాయం అవసరమా అని చూసే పరీక్ష) చేయండి’ అని తేదీ వేసి రాసివ్వండి. నోటిమాట లెక్కలోకి రాదు, కాగితం ఉండాలి. అది అందాక 20 రోజుల్లోపు మీతో మీటింగ్ పెట్టాలి, మధ్యలో వచ్చే స్కూల్ సెలవు రోజులు ఇందులో లెక్కకు రావు, వేసవి సెలవులు మాత్రం వస్తాయి. ఖర్చు మీ మీద పడదు. వీలైనంతవరకు పిల్లాడి సొంత భాషలోనే పరీక్షించాలి కాబట్టి, ఇంట్లో మాట్లాడేది తెలుగే అని అందులో రాయండి. ఇంగ్లీషు బేగి రావాలని ఇంట్లో తెలుగు మానేయమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి.

రాజాం చెల్లి:

అప్పా, అన్నా, చాలా థ్యాంక్స్. ఇంటర్‌ప్రెటర్‌తో టీచర్‌తో మాట్లాడాను. చాలావరకు లైన్ కట్టినప్పుడే జరుగుతున్నాయట. వాణ్ని లైన్లో ముందు, టీచర్ పక్కనే నిలబెడతామన్నారు. ఇంకొక్కటి అడుగుతాను. కొరికించుకున్న బాబు వాళ్ల ఇంటికెళ్లి క్షమించమని చెప్పాలా? పేరు అడిగితే టీచర్ చెప్పలేదు.

టెక్కలి అప్ప:

చెప్పరు, వాళ్లకి నీ పేరు కూడా చెప్పరు. క్లాసు వాట్సాప్ గ్రూపులో వెతక్కు. మీ వాడిచేత ఒక బొమ్మ గీయించి టీచర్ చేతికివ్వు, ఇవ్వాలో వద్దో ఆవిడే చూసుకుంటారు. ఊరి నుంచి తెచ్చుకున్న పలాస జీడిపప్పు ప్యాకెట్టు కూడా జత చేద్దామనుకుంటావేమో, అది మాత్రం వద్దు. గింజలు పడని పిల్లలుంటారు, చాలా క్లాసుల్లోకి వాటిని రానివ్వరు.