సెకండ్‌హ్యాండ్ పోలో అలాయ్ వీల్స్ మీద మొండి గోధుమ చుక్కలు, షాంపూకి పోవట్లేదు

మియాపూర్_పోలో

అందరికీ నమస్తే. ఈ మధ్యే సెకండ్‌హ్యాండ్‌లో 2013 మోడల్ ఫోక్స్‌వ్యాగన్ పోలో డీజిల్ కారు తీసుకున్నాను. ఇంజన్, బాడీ, ఏసీ అన్నీ బాగున్నాయి. కాకపోతే బండి చాలాకాలం అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కవర్ కింద పడి ఉందట, అంతకు ముందు కూడా చక్రాలను ఎవరూ పట్టించుకున్నట్టు లేదు. ముందు రెండు అలాయ్‌లూ వెండి రంగువని చెబితే తప్ప తెలియదు. స్పోకుల మూలల్లో నల్లగా పేరుకుపోయింది, పైన అంతా సూదిమొనంత గోధుమ చుక్కలు, వేలితో రాస్తే గరుకుగా తగులుతున్నాయి. షాంపూ పెట్టాను, గిన్నెలు తోమే లిక్విడ్ పెట్టాను, పై మురికి పోయింది గానీ చుక్కలు కదల్లేదు. వెనక చక్రాలేమో మామూలుగా కడిగితేనే శుభ్రపడ్డాయి, అదెందుకో అర్థం కాలేదు. మా వీధి చివర వాటర్ సర్వీసింగ్ అతను "యాసిడ్ కొడితే ఐదు నిమిషాల్లో తెల్లగా వస్తాయి సార్" అంటున్నాడు. కొట్టించమంటారా? కొత్తవి కొనే ఉద్దేశం లేదు, వీటినే బాగుచేసుకోవాలని ఉంది.

గుంటూరు_గ్యారేజ్

యాసిడ్ వద్దు బ్రో. ముందు ఆ సర్వీసింగ్ అతనికి ఆ మాట చెప్పేసి తర్వాత మిగతాది చదువు.

వెనకవి ఎందుకు శుభ్రంగా ఉన్నాయంటే మన దగ్గర అమ్మిన పోలోకి ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు, వెనక వాటికి డ్రమ్ బ్రేకులు. డ్రమ్ములో పుట్టే పొడి చాలావరకు డ్రమ్ములోనే ఉండిపోతుంది. ముందేమో డిస్కు బయటికే ఉంటుంది, పైగా బ్రేక్ తొక్కగానే బండి బరువు ముందుకు పడుతుంది కాబట్టి ఎక్కువ పని ఆ రెండు చక్రాలదే. డిస్కు పోత ఇనుముది, దాన్ని నొక్కి ఆపే ప్యాడ్‌లో కూడా కొంత లోహం ఉంటుంది. రెండూ రాసుకుని అరిగినప్పుడు ఇనుప రజను వేడివేడిగా ఎగిరి రిమ్ము లక్కరు (పైన వేసిన పారదర్శకమైన పూత) మీద పడి అందులో దిగబడుతుంది. తర్వాత దానికి నీళ్లు, చెమ్మ తగిలితే అక్కడే తుప్పు పడుతుంది. నువ్వు చూస్తున్న గోధుమ చుక్కలు అవే. రిమ్ము అల్యూమినియంది, దానికి అలా గోధుమ రంగు తుప్పు పట్టదు, అది బయటి నుంచి వచ్చి దిగిన ఇనుము. సబ్బు జిడ్డును లాగుతుంది గానీ దిగిన ఇనుమును ఏం చేస్తుంది చెప్పు, అందుకే షాంపూకి లొంగలేదు.

దీనికి అసలు మందు ఐరన్ రిమూవర్. కార్ డీటెయిలింగ్ సామాన్లు అమ్మే షాపుల్లోనూ ఆన్‌లైన్‌లోనూ దొరుకుతుంది, సోనాక్స్ వాళ్ల వీల్ క్లీనర్ ప్లస్ కూడా ఈ రకమే. ఏది కొన్నా లేబుల్ మీద యాసిడ్ లేదని రాసి ఉందో లేదో చూసి కొను. ఇనుము తగిలిన చోట ఊదా ఎరుపు రంగుకు తిరిగి కారుతుంది, అలా కారుతుంటే పని చేస్తున్నట్టే. వాసన మాత్రం కుళ్లిన గుడ్డులా ఉంటుంది, ఇంటి లోపల పెట్టుకోకు.

చేసే విధానం జాగ్రత్తగా విను. బండి నడిపి వచ్చిన వెంటనే మొదలుపెట్టకు, చక్రం చేతికి చల్లగా తగలాలి, ఎండ పడకూడదు. మొదట షాంపూ నీళ్లతో కడిగి వదులుగా ఉన్న మట్టంతా పోగొట్టు. చక్రాలకు వేరే బకెట్, వేరే గుడ్డ పెట్టుకో, ఆ గుడ్డతో బాడీ తుడిస్తే పెయింట్ మీద గీతలే. తర్వాత నీళ్లు కారిపోయేలా తుడిచి (తడి ఎక్కువుంటే మందు పలచబడుతుంది) రిమూవర్ కొట్టి మూడు నాలుగు నిమిషాలు ఆగు, మెత్తటి బ్రష్‌తో రుద్దు, మూలలకు, బోల్టు గుంతలకు పాత టూత్‌బ్రష్ వాడు. ఎండిపోకముందే ధారాళంగా కడిగెయ్యాలి, ఎండితే అదే కొత్త మరక అవుతుంది. ఇన్నేళ్ల మురికి ఒక్కసారికి వదలదు, రంగు తిరగడం తగ్గేదాకా మళ్లీ మళ్లీ చెయ్యి, కానీ ఎక్కువసేపు నానబెట్టడం వద్దు.

అప్పటికీ నల్ల చుక్కలు మిగిలితే అది తారు. తార్ రిమూవర్, లేదంటే గుడ్డకు కాస్త కిరోసిన్ పట్టించి తుడిచి వెంటనే షాంపూతో కడుగు. కిరోసిన్ గానీ, పాలిష్, వ్యాక్స్ లాంటివి గానీ డిస్కు మీద పడకూడదు, బ్రేకులతో ఆటలొద్దు. ఇంకా గరుకు ఉందో లేదో తెలియాలంటే చేతికి పల్చటి పాలిథిన్ కవర్ తొడుక్కుని తడి రిమ్ము మీద మెల్లగా నిమురు. ఉత్త వేలికి తెలియని రవ్వలు కూడా కవర్‌లోంచి తెలుస్తాయి. ఆ రవ్వలకు క్లే బార్ (మురికిని అంటించుకుని లాగే మెత్తటి మట్టి ముద్ద) రుద్దు, షాంపూ నీళ్లు బాగా జల్లుతూ. స్టీల్ పీచు, గిన్నెలు తోమే ఆకుపచ్చ స్క్రబ్బర్ మాత్రం దగ్గరికి రానివ్వకు.

ఒకటి అడగాలి. ముందు రెండు చక్రాలకూ మసి ఒకేలా ఉందా, ఒకదానికి ఎక్కువుందా?

కెమిస్ట్రీ_మాస్టారు

యాసిడ్ గురించి నేను కూడా గట్టిగా చెప్పాలనుకుంటున్నాను. మన ఇళ్లలో బాత్రూమ్‌కి వాడేది హైడ్రోక్లోరిక్ యాసిడ్. అది ఇనుముతో పాటు అల్యూమినియంను కూడా తింటుంది. లక్కరుకు ఎక్కడైనా చిన్న పగులు ఉంటే చాలు, లోపలికి పోయి అక్కడి నుంచి పొరను లేపేస్తుంది. ఐదు నిమిషాల్లో తెల్లగా వచ్చే మాట నిజమే కావచ్చు, ఆ తెలుపు చాలాసార్లు లోహం పైపొర కరిగిపోయిన తెలుపు. కాస్టిక్ సోడా కలిసిన ఘాటు క్లీనర్లతోనూ ఇదే తంటా, క్షారం కూడా అల్యూమినియంను వదలదు.

అంతకంటే ముఖ్యమైనది, కొన్ని వీల్ బ్రైట్‌నర్లలో (చక్రాలను మెరిపించే మందుల్లో) హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ లేదా అమ్మోనియం బైఫ్లోరైడ్ ఉంటుంది. అది చర్మం మీద పడితే వెంటనే మంట తెలియకపోవచ్చు. మెల్లగా లోపలికి దిగి ఒంట్లోని కాల్షియంను పట్టేస్తుంది, గంటల తర్వాత భరించలేని నొప్పి మొదలవుతుంది. పడితే నీళ్లతో బాగా కడుగుతూనే ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లాలి, ఏది పడిందో డాక్టర్‌కి చెప్పాలి. సర్వీసింగ్ సెంటర్లలో ఉత్త చేతులతో ఈ డబ్బాలు ఎత్తే కుర్రాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. మీరు అడగకపోతే వాళ్లు వాడరు కదా, దయచేసి అడగొద్దు.

ఐరన్ రిమూవర్‌లో ఉండేది థయోగ్లైకొలేట్, జుట్టు ఉంగరాలు తిప్పే మందుల్లోనూ ఇదే కుటుంబం. యాసిడ్‌తో పోలిస్తే ఎంతో నయం, అయినా గ్లౌజులు, కళ్లజోడు, గాలి ఆడే చోటు తప్పనిసరి. పొడిగా ఉన్న బ్రేక్ మసిని కంప్రెసర్ గాలితో ఊదకండి, ఆ సన్నటి పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తడిపిన తర్వాతే ముట్టుకోండి.

వైజాగ్_బీచ్‌రోడ్

రిమ్ము మీద లక్కరు ఉందా, ఉత్త లోహమా అన్నది కూడా చూసుకో తమ్ముడూ. తెల్ల గుడ్డకు కాస్త మెటల్ పాలిష్ పెట్టి లోపలి వైపు కనపడని చోట రుద్దు. గుడ్డ నల్లబడితే ఉత్త అల్యూమినియం, నల్లబడకపోతే పైన లక్కరు ఉన్నట్టు. కంపెనీ నుంచి వచ్చిన వెండి రంగు అలాయ్‌లకు దాదాపు లక్కరే ఉంటుంది.

లక్కరు కింద తెల్లటి పురుగు పాకినట్టు గీతలు కనిపిస్తే మాత్రం ఏ మందూ కొట్టకు. అది పైన మరక కాదు, లోపల అల్యూమినియం తినేస్తోంది. సముద్రం పక్కన మాకు ఇది మామూలే. దానికి పాత పూత తీసేసి మళ్లీ పెయింట్ గానీ పౌడర్ కోటింగ్ (పొడి రంగును వేడితో కరిగించి వేసే పూత) గానీ చేయించాలి. ఇంకోటి, హైదరాబాద్ బోరు నీళ్లు చాలాచోట్ల బాగా ఉప్పగా, గట్టిగా ఉంటాయి. తెల్లటి గుండ్రటి మరకలు నీళ్లవి, వాటి మీద ఐరన్ రిమూవర్ పని చేయదు. కడగగానే తుడిచేస్తే అసలు పడవు.

మియాపూర్_పోలో

అందరికీ చాలా థాంక్స్. యాసిడ్ ఆలోచన మానేశాను. రిమూవర్ తెప్పించి ఆదివారం పొద్దున్నే ఎండ రాకముందు మొదలుపెట్టాను. కొట్టిన కాసేపటికి ఒక్కో గోధుమ చుక్క చుట్టూ ఊదా రంగు వలయం వచ్చి, ఆ వలయాలు ఒకదాంట్లో ఒకటి కలిసి స్పోకు మీద నుంచి నేలకు కారాయి, చూస్తూ ఉండిపోయాను. కుడి చక్రం చాలావరకు వచ్చేసింది. తెల్ల గుడ్డ నల్లబడలేదు, పురుగు గీతలు కూడా లేవు. గుంటూరు అన్న అడిగిన దానికి జవాబు, ఎడమ దానికి బాగా ఎక్కువుంది, ఎంత రుద్దినా ఇంకా రంగు తిరుగుతూనే ఉంది.

గుంటూరు_గ్యారేజ్

అందుకే అడిగాను. చాలాకాలం కదలకుండా ఉన్న బండిలో కాలిపర్ (ప్యాడ్‌లను డిస్కుకు నొక్కే భాగం) జరగడానికి ఉండే గైడ్ పిన్నులు బిగుసుకుపోవడం మామూలే. అప్పుడు బ్రేక్ మీంచి కాలు తీసినా ప్యాడ్ డిస్కును పూర్తిగా వదలదు, రాసుకుంటూనే ఉంటుంది, ఆ వైపు మసి ఎక్కువ, వేడి ఎక్కువ. బ్రేకు పెద్దగా వాడకుండా కాసేపు నడిపి ఆగి, రెండు చక్రాల దగ్గర అరచేయి పెట్టి చూడు, ముట్టుకోకు. ఎడమది బాగా వేడిగా తగిలితే మెకానిక్ దగ్గర కాలిపర్ విప్పించు. పిన్నులు శుభ్రం చేసి బ్రేకులకు వాడే గ్రీజే పెట్టించు, మామూలు గ్రీజు వద్దు. ప్యాడ్ ఎంత మిగిలిందో కూడా అప్పుడే కనపడుతుంది. ఇది సరిచేయకుండా ఎంత తోమినా నెల తిరిగేసరికి ఆ చక్రం మళ్లీ నల్లబడుతుంది.

చక్రం ఎలాగూ విప్పుతారు కాబట్టి రిమ్ము లోపలి గోడ కూడా అప్పుడే కడిగెయ్, బయటి కంటే అక్కడే ఎక్కువ పేరుకుంటుంది. లోపల అంటించిన బ్యాలెన్సింగ్ ముక్కలు ఊడకుండా చూసుకో. ఆరాక వీల్ సీలెంట్ గానీ మామూలు కార్ వ్యాక్స్ గానీ ఒక పూత వెయ్, తర్వాత వారానికోసారి ఉత్త షాంపూ సరిపోతుంది. పోలోకి నట్లు కాదు, బోల్టులు. ఎదురెదురుగా బిగించి టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగించామో చూపే పానా) 120 న్యూటన్ మీటర్లకు పెట్టించు. కడిగిన తర్వాత రోడ్డెక్కే ముందు నెమ్మదిగా పోతూ ఒకటి రెండుసార్లు బ్రేక్ తొక్కి డిస్కులు ఆరబెట్టు. కాలిపర్ సంగతి ఏమైందో ఇక్కడే రాయి.