విప్ ఎంపీ నోరు కట్టేస్తోందా, ఓటరు ఓటును కాపాడుతోందా?

గోదావరి గట్టు (చర్చ మొదలుపెట్టినవారు)

1985లో రాజ్యాంగ 52వ సవరణతో పదో షెడ్యూలు (ఫిరాయింపుల నిషేధ చట్టం) వచ్చింది, ఆ మార్చి 1 నుంచి అమలు. మన చర్చకు అందులో రెండు ముక్కలు చాలు. సభ్యుడు తనంతట తాను పార్టీ వదులుకుంటే సీటు పోతుంది. పార్టీ విప్‌ను (సభలో ఎలా ఓటెయ్యాలో పార్టీ ఇచ్చే ఆదేశాన్ని) కాదని ఓటేసినా, ఓటింగుకు డుమ్మా కొట్టినా సీటు పోతుంది. రెండో సందర్భంలో ముందే అనుమతి తీసుకున్నా, 15 రోజుల్లోగా పార్టీ మన్నించినా బతికిపోతాడు.

మొదటిదానితో నాకు పేచీ లేదు. రెండోదే లోక్‌సభను చేతులెత్తే సభగా మార్చేసింది. ప్రభుత్వం నిలబడాలా పడాలా అన్న ఓటుకు విప్ ఉండాలి, బడ్జెట్‌కు ఉండాలి. విత్తనాల బిల్లుకో, ఓడరేవుల బిల్లుకో మూడు గీతల విప్ దేనికండీ? ఆదేశం కింద గీసే గీత ఒకటైతే సమాచారం, రెండైతే సభకు రమ్మని, మూడైతే వచ్చి చెప్పినట్టు ఓటెయ్యమని. ఇప్పుడు మాట్లాడితే మూడు గీతలే. 1990లో ఎన్నికల సంస్కరణల మీద వేసిన దినేశ్ గోస్వామి కమిటీ ఈ అనర్హతను విశ్వాస, అవిశ్వాస తీర్మానాల్లాంటి వాటికే పరిమితం చెయ్యమంది. 2010లో కాంగ్రెస్ ఎంపీ మనీష్ తివారీ ఇందుకోసమే ప్రైవేటు బిల్లు పెట్టారు. ఏదీ కదల్లేదు. మీరేమంటారు?

ఓరుగల్లు

విప్ తీస్తే బేరం మొదలైతది. గంతే.

నల్లమల

మా ఎమ్మెల్యే ఒక గుర్తు మీద గెలిచి ఏడాది తిరక్కుండా వేరే కండువా కప్పుకున్నాడు. నా ఓటు ఎవరి ఖాతాలో ఉందో నాకు తెలియాలి. విప్ సంగతి తర్వాత.

కోనసీమ

ఓరుగల్లు గారూ, విప్ ఉన్నా ప్రభుత్వాలు పడ్డాయి కదా. 1999 ఏప్రిల్ 17న వాజపేయి ప్రభుత్వం 269-270తో ఓడిపోయింది. నేషనల్ కాన్ఫరెన్స్ సభ్యుడు సైఫుద్దీన్ సోజ్ పార్టీ మాట కాదని ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఓటేశారు. ఒడిశా ముఖ్యమంత్రిగా ఫిబ్రవరిలోనే ప్రమాణం చేసిన గిరిధర్ గమాంగ్ ఎంపీ సీటు ఇంకా వదల్లేదు కాబట్టి వచ్చి వ్యతిరేకంగా ఓటేశారు. ఆయన్ని ఆపాలన్న వాదన వస్తే స్పీకర్ బాలయోగి గారు ఆ నిర్ణయం ఆయన మనస్సాక్షికే వదిలేశారు. బాలయోగి గారిది ప్రభుత్వాన్ని బలపరుస్తున్న తెలుగుదేశమే, అయినా 100వ అధికరణం ప్రకారం సమానంగా వస్తే తప్ప స్పీకర్‌కు ఓటు లేదు. అటు ఒక్క ఓటు తగ్గి సమానమై ఉంటే ఆయన నిర్ణాయక ఓటే మిగిలేది. ఆ రోజు విప్ ఎవరిని ఆపింది?

లెక్కల మాస్టారు

మీరంతా విప్ దగ్గరే ఆగిపోయారు. అసలు కన్నం పదో షెడ్యూలు నాలుగో పేరాలో ఉంది. ఒక పార్టీ ఇంకో పార్టీలో విలీనమై, శాసనసభా పక్షంలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకుంటే అనర్హత లేదు. 2003 దాకా మూడో పేరా కింద మూడింట ఒక వంతు చీలినా చెల్లేది, 91వ సవరణ దాన్ని కొట్టేసింది. ఏం మారింది? చిల్లర బేరం పోయి టోకు బేరం వచ్చింది.

లెక్క చూడండి. తెలంగాణలో 2018లో కాంగ్రెస్‌కు 19 సీట్లు. విలీనానికి 13 మంది కావాలి. ఉత్తమ్ కుమార్ రెడ్డి గారు ఎంపీగా గెలిచి రాజీనామా చెయ్యగానే 18 అయింది, 12 మంది సరిపోయారు. 2019 జూన్ 6న స్పీకర్ విలీనాన్ని ఒప్పుకున్నారు. అదే నెలలో రాజ్యసభలో తెలుగుదేశానికి ఆరుగురు, అందులో నలుగురు బీజేపీలో కలిశారు. ఆరింట నాలుగు, అంగుళం తేడా లేదు. బయట పార్టీ ఎక్కడ విలీనమైంది? కాంగ్రెస్ ఉంది, తెలుగుదేశం ఉంది. పేరాలో రెండు షరతులుంటే ఒక్కటే చూస్తున్నారు.

గోదావరి గట్టు

మాస్టారూ, అది నిజమే, కానీ నా ప్రశ్న అది కాదు. పార్టీ మారకుండా, పార్టీలోనే ఉంటూ ఒక బిల్లు మీద కాదనే హక్కు ఉందా లేదా?

లెక్కల మాస్టారు

నాలుగో పేరా ఉన్నన్నాళ్లు ఆ హక్కుకు విలువ లేదు. ఒక్కడు కాదంటే సీటు పోతుంది, ముగ్గురిలో ఇద్దరు పోతే మంత్రి పదవి వస్తుంది. 1999లోనే లా కమిషన్ 170వ నివేదికలో చీలిక, విలీనం రెండు మినహాయింపులూ తీసెయ్యమంది. సగమే విన్నారు.

చట్టసభల చదువరి

ఫిర్యాదు ఎలా నడుస్తుందో కూడా చూడాలి. లోక్‌సభ 1985 నిబంధనల ప్రకారం విప్ ధిక్కరించిన రోజు నుంచి 30 రోజుల్లోగా, మన్నించారో లేదో పార్టీ నాయకుడు స్పీకర్‌కు తెలపాలి. పిటిషన్ రాతపూర్వకంగా, ఆధారాల నకళ్లతో, సివిల్ దావాలో లాగా ధ్రువీకరించి ఇవ్వాలి. అది లేకపోతే అక్కడే తిప్పికొడతారు. ఆ సభ్యుడికి జవాబు చెప్పడానికి 7 రోజులు. పక్కనే "లేదా స్పీకర్ అనుమతించిన మరింత గడువు" అని ఉంది. కేసులు ఏళ్లు పట్టేది ఆ ముక్క దగ్గరే.

మణిపూర్ ఎమ్మెల్యే ఫిరాయింపు కేసులో 2020లో సుప్రీంకోర్టు మామూలుగా మూడు నెలల్లో తేల్చాలంది. తెలంగాణ బీఆర్ఎస్ ఎమ్మెల్యేల కేసులో 2025 జూలై 31న మళ్లీ మూడు నెలలంది, ఈ పని స్పీకర్ల చేతిలో ఉంచాలా అని పార్లమెంటే ఆలోచించుకోవాలంది. చెయ్యదలిస్తే అవుతుంది. 2017లో జేడీయూ ఎంపీలు శరద్ యాదవ్, అలీ అన్వర్‌ల సభ్యత్వాల సంగతిని రాజ్యసభ ఛైర్మన్‌గా వెంకయ్యనాయుడు గారు దాదాపు మూడు నెలల్లో తేల్చారు.

పాలకొల్లు

రాజీనామా దారి మర్చిపోయారు. కర్ణాటకలో 2019లో 15 మంది ఎమ్మెల్యేలు రాజీనామా చేశారు, మరో ఇద్దరితో కలిపి 17 మంది మీద స్పీకర్ అనర్హత వేశారు, డిసెంబరు ఉప ఎన్నికల్లో నిలబడి గెలిచినవాళ్లలో చాలామంది మంత్రులయ్యారు. అనర్హుడు మళ్లీ గెలిచేదాకానే మంత్రి కాకూడదని 91వ సవరణ చెబుతోంది. గెలిస్తే అడ్డేముంది?

ఓరుగల్లు

గట్టు అన్నా, ఇప్పుడు వివరంగ చెప్తున్న. 1993 జూలై 28 యాది చేస్కోండ్రి. పీవీ మైనారిటీ సర్కారు మీద అవిశ్వాసం, 251 సర్కారుకు ఎదురు, 265 సర్కారు దిక్కు. ఆ ఓట్ల కోసం జేఎంఎం (జార్ఖండ్ ముక్తి మోర్చా) ఎంపీలకు పైసలు ఇచ్చిన్రని కేసు. పీవీని కింది కోర్టు 2000ల దోషి అన్నది, 2002ల ఢిల్లీ హైకోర్టు నిర్దోషి అన్నది. గది పక్కన పెట్టున్రి. 1998ల సుప్రీంకోర్టు ఏమన్నదంటే, లంచం తీస్కొని సభల ఓటేసిన ఎంపీని 105(2) అధికరణం కాపాడ్తదని. 3-2 తీర్పు. దాన్ని కొట్టేసింది ఎప్పుడు? 2024 మార్చి 4న, ఏడుగురు జడ్జీలు. ఇరవై ఆరేండ్లు లంచానికి శిక్ష లేకుండె. ఆ ఇరవై ఆరేండ్లు ఉన్న అడ్డు విప్ ఒక్కటే. గది గూడ తీసేస్తె ఏ కంపెనీకి కావాల్సిన బిల్లుకు ఆ కంపెనీ పోయి ఎంపీలను ఒక్కొక్కన్ని కొనుక్కుంటది. మీరు విత్తనాల బిల్లు అన్నరు గద, పైసలు తిరిగేది గసుంటి బిల్లుల కాడనే.

గోదావరి గట్టు

అంటే ఐదు వందల నలభై మూడు మందిని కొనే బదులు, విప్ జారీచేసే నలుగురిని కొంటే చాలన్నమాట. అది మీకు సమ్మతమేనా? కిహోటో హొల్లోహాన్ కేసులో 1992లో చట్టాన్ని నిలబెట్టిన బెంచే, సీటు పోయే విప్ రెండింటికే ఉండాలంది: ప్రభుత్వ మనుగడ తేల్చే ఓటు, ఎన్నికల్లో ప్రజల ముందు పెట్టిన ముఖ్య విధానం. ఇవాళ ఏ పార్టీ దాన్ని పాటిస్తోంది?

1969 సంగతి చూడండి. రాష్ట్రపతి ఎన్నికకు విప్ లేదు. కాంగ్రెస్ అధికార అభ్యర్థి నీలం సంజీవరెడ్డి గారు, ఎదురుగా వి.వి.గిరి గారు. మనస్సాక్షి ప్రకారం ఓటెయ్యమని ఇందిరాగాంధీ పిలుపునిచ్చారు. రెండో ప్రాధాన్య ఓట్లు లెక్కపెడితే గిరి గారు గెలిచారు. దేశం మునిగిపోలేదు.

ఓరుగల్లు

దేశం మునగలే, పార్టీ రెండు ముక్కలైంది. నవంబర్‌లనే.

గోదావరి గట్టు

సరే, మనసులో ఉన్నది చెప్పేస్తాను. 2014 ఫిబ్రవరి 18. లోక్‌సభ తలుపులు మూసి, టీవీ ప్రసారం ఆపి, మూజువాణి ఓటుతో రాష్ట్రాన్ని విడదీశారు. అంతకు వారం ముందు, 11న, కాదన్న ఆరుగురు సీమాంధ్ర ఎంపీలను కాంగ్రెస్ బహిష్కరించింది. మమ్మల్ని గెలిపించిన జనం తరఫున మాట్లాడతామంటే పార్టీలో చోటు లేదన్నారు. పైగా జి.విశ్వనాథన్ కేసు తీర్పు (1996) ప్రకారం బహిష్కరించినా సభలో అతను ఆ పార్టీవాడిగానే లెక్క. పార్టీ గెంటేస్తుంది, కట్లు మాత్రం విప్పదు!

ఓరుగల్లు

గిదన్నమాట ఇంతసేపు మనసుల ఉన్నది. పదేండ్లు దాటినా మీకు తెలంగాణ వచ్చుడు దోపిడీ లెక్కనే కనబడ్తది. జనవరి 30న హైదరాబాద్ అసెంబ్లీల బిల్లును తిరస్కరించిన తీర్మానం ఎట్ల పాసైంది? మూజువాణి ఓటుతోనే. అప్పుడు మీకు మూజువాణి ముద్దైంది. ఫిబ్రవరి 13న లోక్‌సభల మిరియాల పొడి కొట్టింది ఎవరు?

మోడరేటర్

ప్రాంతాల మీద మాటలు వద్దు. ఇంకోసారి వస్తే తాళం వేస్తాను.

లెక్కల మాస్టారు

ఇద్దరికీ ఒక లెక్క. సీమాంధ్రకు 25 మంది ఎంపీలు, సభ 543. కొత్త రాష్ట్రం ఏర్పాటుకు రాజ్యాంగం మూడో అధికరణం కింద మామూలు మెజారిటీ చాలు. బీజేపీ కూడా బలపరిచింది. పాతిక మందీ ఒక్కమాట మీద కాదన్నా బిల్లు ఆగేది కాదు.

చట్టసభల చదువరి

ఇంకో సంగతి. మూజువాణి ఓటులో ఎవరి పేరూ నమోదవదు, కాబట్టి విప్ ధిక్కరించారని ఎవరి మీదా నిరూపించలేరు. లోక్‌సభ 367వ నిబంధన ప్రకారం స్పీకర్ తీర్పును ఎవరైనా సవాలు చేస్తే లాబీలు ఖాళీ చేయించి, మూడున్నర నిమిషాల తర్వాత ప్రశ్నను రెండోసారి పెట్టాలి. మళ్లీ సవాలు చేస్తే డివిజన్, పేరు పేరునా నమోదు. కానీ సవాలు అనవసరమని స్పీకర్ అనుకుంటే సభ్యులను లేచి నిలబడమని తలలు లెక్కపెట్టి ముగించవచ్చు. సభ గందరగోళంగా ఉంటే డివిజన్ జరగదు, ఎందుకంటే ఎవరి సీట్లో వాళ్లు కూర్చుంటేనే మీటలు నొక్కగలరు. గొడవ చేసేవాళ్లే తమ వ్యతిరేకత నమోదు కాకుండా చేసుకుంటున్నారు.

గోదావరి గట్టు

గెలుపోటములు కాదు మాస్టారూ. నా ఎంపీ పేరు "కాదు" అన్న వరసలో ఉండాలి. ఎంపీ నా నియోజకవర్గానికి మొదట, పార్టీకి తర్వాత.

ఓరుగల్లు

గిక్కడ్నే మనకు పడదు. ఉమ్మడి రాష్ట్రంల మాకు 17, మీకు 25. ఎవని నియోజకవర్గానికి వాడు ఓటేస్తె పదిహేడు ఎన్నడన్న పాతికను దాటేదా? మేం ఎంపీని ఒక్క మనిషిగ చూసి గెలిపియ్యలే, గుర్తు మీద రాసిన మాట చూసి గెలిపిచ్చినం. 2004 యూపీఏ కనీస ఉమ్మడి కార్యక్రమంల తెలంగాణ మాట ఉన్నది. మీరు చెప్పిన కిహోటో లెక్కనే అది ప్రజల ముందు పెట్టిన విధానం, దానికి విప్ న్యాయమే. చిన్న ప్రాంతానికి ఇచ్చిన మాట నిలబడాల్నంటె పెద్ద పార్టీ తన మనుషులను కట్టెయ్యాలె.

గోదావరి గట్టు

అందులో "తగిన సమయంలో, సంప్రదింపులు, ఏకాభిప్రాయం తర్వాత" అని కూడా ఉందండీ. ఏకాభిప్రాయం కుదిరిందని ఎవరు తేల్చారు? పార్టీ తేల్చింది. పార్టీలోపల ఓటింగ్ ఎక్కడ జరిగింది? ఎంపీ సభలో కాదనకూడదు, పార్టీలో కాదంటే గెంటేస్తారు. ఇంకెక్కడ కాదనాలి?

ఓరుగల్లు

దానికి నా దగ్గర జవాబు లేదన్నా. పార్టీలోపల ఓటు పెట్టి, లెక్క బయటపెట్టి, తర్వాత విప్ ఇయ్యాలంటె నేను ఒప్పుకుంట. విప్ తీసెయ్యమంటె మాత్రం ఒప్పుకోను.

గోదావరి గట్టు

పార్టీ లోపలి ఓటు గురించి పదో షెడ్యూల్లో ఒక్క అక్షరం లేదు. అది రాసేదాకా విశ్వాస పరీక్షకు, బడ్జెట్‌కు తప్ప విప్ వద్దనే నా మాట.

లెక్కల మాస్టారు

రాసేటప్పుడు నాలుగో పేరా కూడా కొట్టించండి.