మూడేళ్లు బెంచ్ మీదున్న జో బరో నంబర్ వన్ ఎలా అయ్యాడు?

డబ్లిన్ నాన్న (ఓహియో):
నమస్తే అండి. మేము కొలంబస్ పక్కన డబ్లిన్‌లో ఉంటాం. మా వాడు టెన్త్ గ్రేడ్, స్కూల్ అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్‌లో రెండో క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరి ఆట నడిపే ఆటగాడికి బదులుగా ఉంచినవాడు. ప్రాక్టీసుకి అందరికంటే ముందే వెళ్తాడు, శుక్రవారం రాత్రి మ్యాచ్‌లో మాత్రం హెల్మెట్ పట్టుకుని గీత బయట నిలబడతాడు. మొన్న యూనిఫాం ఉతకడానికి తీస్తే ఆ తెల్ల ప్యాంటు మీద ఒక్క గడ్డి మరక లేదు, అది చూసి వాళ్లమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. స్కూల్ మార్చేయమని తెలిసినవాళ్లు కొందరు అంటున్నారు. ఆఫీసులో ఒకాయనేమో ముందు క్వార్టర్‌బ్యాక్ జో బరో కథ తెలుసుకో అన్నాడు. అతను ఓహియో స్టేట్ యూనివర్సిటీ టీమ్‌లో మూడేళ్లు ఉన్నాడట, ఒక్క మ్యాచ్ కూడా మొదటి నుంచి ఆడలేదట. అంత ఆట ఉన్నవాణ్ని ఎందుకు కూర్చోబెట్టారు, ఎందుకు వదులుకున్నారు? నాకు ఈ ఆట అంతగా తెలియదు, కాస్త వివరంగా చెప్పండి.

కొలంబస్ శనివారం:
ముందుగా ఒక మాట, ఓహియో స్టేట్ తప్పు చేసిందని చాలామంది అంటారు కానీ నేను ఒప్పుకోను. 2015లో బరో చేరినప్పుడు అతనికి రెడ్‌షర్ట్ ఇచ్చారు, అంటే ఆ ఏడాది ప్రాక్టీస్ చేస్తాడు, మ్యాచ్‌లు ఆడడు, ఆడే నాలుగేళ్ల లెక్కలో అది పడదు. తర్వాత 2016, 17 రెండేళ్లూ జేటీ బారెట్ మొదటి క్వార్టర్‌బ్యాక్‌గా పాతుకుపోయి ఉన్నాడు. ఆ రెండేళ్లు కలిపి బరో వేసిన పాస్‌లు 39 మాత్రమే, అవి కూడా మ్యాచ్ చేతికొచ్చేశాక వేసినవి.

అసలు దెబ్బ 2017 ఆగస్టులో తగిలింది. సీజన్‌కి ముందు ప్రాక్టీసులో బంతి విసిరే చేయి విరిగింది. ఆ సందులో డ్వేన్ హాస్కిన్స్ రెండో స్థానంలోకి వచ్చాడు, నవంబర్‌లో మిషిగన్ యూనివర్సిటీతో మ్యాచ్‌లో బారెట్ గాయపడితే మైదానంలోకి దిగింది హాస్కిన్సే, గెలిపించాడు కూడా. ఆ చేయి విరగకపోతే ఆ రోజు దిగేది బరో అని నా నమ్మకం. 2018లో హాస్కిన్స్ 50 టచ్‌డౌన్ పాస్‌లు వేశాడు (బంతిని అవతలి చివరి గీత దాటించి పాయింట్లు తెచ్చేదే టచ్‌డౌన్). అలాంటివాణ్ని ఎంచుకున్నందుకు కోచ్‌ని ఏమనగలం?

ఇంకోటి, మీ అబ్బాయి విషయంలో ఇది ముఖ్యం. బరో డిగ్రీ పూర్తి చేసుకుని వెళ్లాడు. అప్పటి నియమం ప్రకారం మామూలుగా కాలేజీ మారితే ఒక ఏడాది ఖాళీగా కూర్చోవాలి, డిగ్రీ అయినవాళ్లకి మాత్రం వెంటనే ఆడే వీలుంది. అందుకే 2018 మేలో పట్టా తీసుకుని, చేతిలో రెండు సీజన్లతో బేటన్ రూజ్‌లోని ఎల్‌ఎస్‌యూకి (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) వెళ్లాడు.

బేటన్ రూజ్ పాత విద్యార్థి:
అన్నా బాగా చెప్పారు, మిగతాది నేను చెప్తా. అందరూ 2019 గురించే మాట్లాడతారు, నాకు మాత్రం 2018 గుర్తుంటుంది. ఆ ఏడాది అతనేం హీరో కాదు, 16 టచ్‌డౌన్ పాస్‌లు, నూటికి 58 పాస్‌లు కూడా సరిగ్గా చేరలేదు, టీమ్ మూడు మ్యాచ్‌లు ఓడింది. 2019 జనవరి 1న యూసీఎఫ్ (సెంట్రల్ ఫ్లోరిడా యూనివర్సిటీ) మీద ఫియెస్టా బౌల్ అనే సీజన్ చివరి పెద్ద మ్యాచ్ చూడండి. మొదట్లోనే అతని పాస్‌ని అవతలివాడు పట్టేసి టచ్‌డౌన్ దాకా పరిగెత్తాడు, ఆ పరుగులోనే ఇంకొకడు పక్క నుంచి వచ్చి బరోని గుద్దితే నేల మీద పడిపోయాడు. మా హాస్టల్ గది మొత్తం నిశ్శబ్దం. వాడు లేచి వచ్చి నాలుగు టచ్‌డౌన్ పాస్‌లు వేశాడు, 40-32తో గెలిచాం. టీమ్ వాణ్ని తన సొంతవాడిగా చూసింది ఆ రోజు నుంచే అనిపిస్తుంది నాకు.

తర్వాత న్యూ ఆర్లీన్స్ సెయింట్స్ అనే ప్రొఫెషనల్ టీమ్ నుంచి జో బ్రేడీ అనే కుర్ర కోచ్ వచ్చాడు. పాత పద్ధతి వదిలేసి ఐదుగురు రిసీవర్లను (పాస్ అందుకునేవాళ్లను) మైదానం అంతా పరిచి, ఎవరికి వెయ్యాలో బరోకే వదిలేశారు. జమార్ చేజ్, జస్టిన్ జెఫర్సన్ లాంటి రిసీవర్లు ఉన్నారు నిజమే, కానీ బంతి చేతికొచ్చాక రెండున్నర సెకన్లలో డిఫెన్స్‌ని చదవాల్సింది వాడే. 60 టచ్‌డౌన్ పాస్‌లు (అప్పటికి రికార్డు), 5,671 యార్డులు, 6 ఇంటర్‌సెప్షన్‌లు (అవతలివాళ్లు పట్టేసిన పాస్‌లు), నూటికి 76 పాస్‌లు చేరాయి. అంతకుముందు మేం వరసగా ఎనిమిదిసార్లు ఎవరి చేతిలో ఓడామో ఆ అలబామాని వాళ్ల ఊళ్లోనే 46-41తో కొట్టాం. సెమీఫైనల్‌లో ఓక్లహోమా మీద ఒక్క ఫస్ట్ హాఫ్‌లోనే ఏడు టచ్‌డౌన్ పాస్‌లు! ఫైనల్‌లో క్లెమ్సన్ మీద 42-25, సీజన్ 15కి 15. 2020 ఏప్రిల్‌లో, ప్రొఫెషనల్ టీమ్‌లు కాలేజీ ఆటగాళ్లను వరసగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో సిన్సినాటి బెంగాల్స్ మొట్టమొదట తీసుకుంది వాణ్నే, అంటే తిరిగి ఓహియోకే.

ఏథెన్స్‌లో ఎంఎస్:
నేను ఓహియో యూనివర్సిటీలో చదివాను, బరో పెరిగింది ఆ ఏథెన్స్ కౌంటీలోనే, వాళ్ల నాన్న అప్పట్లో మా యూనివర్సిటీ టీమ్ డిఫెన్స్ కోచ్‌గా చేశారు. కొండల మధ్య ఊళ్లు, గనులు మూతపడ్డాక పనులు లేవు. 2019 డిసెంబర్‌లో హైస్‌మన్ ట్రోఫీ (ఆ ఏటి ఉత్తమ కాలేజీ ఆటగాడి అవార్డు) అందుకుంటూ వాడు తన గురించి చెప్పుకోలేదు, బడి నుంచి ఇంటికెళ్తే తినడానికి పెద్దగా ఏమీ ఉండని మా ప్రాంతం పిల్లల గురించి చెప్తూ ఏడ్చాడు. ఆ మాటలు విని ఊరివాడొకరు అక్కడి ఫుడ్ ప్యాంట్రీ (లేనివాళ్లకి ఉచితంగా సరుకులిచ్చే చోటు) కోసం చందా మొదలుపెడితే కొద్ది రోజుల్లోనే 4 లక్షల డాలర్లు దాటింది. నేను కూడా 20 డాలర్లు పంపాను, అప్పుడు నా దగ్గర ఉన్నది అంతే.

డబ్లిన్ నాన్న (ఓహియో):
అందరికీ చాలా థ్యాంక్స్. నిన్న రాత్రి మా వాడితో కూర్చుని ఆ ఫియెస్టా బౌల్ వీడియో చూశాను. ఆ దెబ్బ దగ్గర వాడే ఆపి వెనక్కి తిప్పాడు. "నాన్నా చూడు, బంతి పోయాక కూడా పట్టుకోవడానికి వెళ్తున్నాడు, అందుకే తగిలింది" అన్నాడు. ఆ మాట మూడుసార్లు అన్నాడు. స్కూల్ మార్చే విషయం ఈ సీజన్ అయ్యేదాకా ఎత్తను, వాళ్లమ్మకి కూడా చెప్పాను. రేపు ఉదయం ప్రాక్టీస్‌కి నేనే దింపుతున్నాను.