సీఆర్‌టీ (గుండె రెండువైపులనీ ఒకేసారి కొట్టించే పేస్‌మేకర్) పెట్టి ఆరు నెలలైంది, ఈఎఫ్ (గుండె పంపింగ్ శాతం) 25 నుంచి 29కే వచ్చింది. పని చేయనట్టేనా?

పెద్దకొడుకు:

నాన్నగారికి 63 ఏళ్లు. గుండె పంపింగ్ తగ్గిందని రెండేళ్ల కింద తెలిసింది. యాంజియో చేస్తే రక్తనాళాల్లో అడ్డంకులేమీ లేవు, గుండె కండరమే బలహీనపడి సాగిపోయింది, డైలేటెడ్ కార్డియోమయోపతి అన్నారు. మందులన్నీ మొదలుపెట్టి డోసులు పెంచుకుంటూ వచ్చారు, అయినా ఈఎఫ్ 25 దాటలేదు. ఈసీజీలో లెఫ్ట్ బండిల్ బ్రాంచ్ బ్లాక్ ఉంది, అంటే గుండె ఎడమవైపుకి కరెంటు ఆలస్యంగా అందుతోంది, క్యూఆర్‌ఎస్ (గుండె కింది గదులకి కరెంటు పాకడాన్ని చూపించే గీత) వెడల్పు 158 మిల్లీసెకన్లు, ఇలాంటి వాళ్లకి సీఆర్‌టీ బాగా పని చేస్తుందని చెప్తే పెట్టించాం. షాక్ ఇచ్చే సీఆర్‌టీ-డీ రకం, మూడు వైర్లు.

మొన్న ఆరు నెలల ఎకో తీశారు. నేను కనీసం 40 వస్తుందని ఆశ పెట్టుకున్నాను. 29 వచ్చింది. డాక్టరుగారు "బానే ఉంది, మందులు అలాగే వాడండి, ఇంకో ఆరు నెలలకు చూద్దాం" అన్నారు. బయట బోలెడంత మంది వెయిటింగ్, నేనింకేమీ అడగలేక వచ్చేశాను. ఇంటికొచ్చాక మొదలైంది టెన్షన్. నెట్‌లో చూస్తే దాదాపు మూడోవంతు మందికి ఇది పని చేయదని, వాళ్లని నాన్ రెస్పాండర్లు అంటారని ఉంది. ఏమన్నారురా అని అమ్మ అడిగితే బానే ఉందన్నారని చెప్పి పక్కగదిలోకి వెళ్లిపోయాను.

మనిషి మాత్రం ముందుకంటే కాస్త తేలిగ్గా ఉన్నారు. అప్పట్లో మూడు దిళ్లు పెట్టుకుని దాదాపు కూర్చునే నిద్రపోయేవారు, ఇప్పుడు ఒక్కటి చాలు. కాళ్ల వాపు లేదు. ఒక్క ఇబ్బందేంటంటే ఎడమవైపు ఒత్తిగిలి పడుకుంటే పక్కటెముకల కింద టక్ టక్‌మని ఎగురుతోందంటారు. డాక్టరుకి చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారు, మళ్లీ కోస్తారేమోనని భయం.

ఈఎఫ్ ఇంతే పెరిగిందంటే ఆపరేషన్ వృథా అయినట్టేనా? తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

పేసర్‌డెస్క్:

పేస్‌మేకర్లు చెక్ చేసే టెక్నీషియన్‌ని అండి, డాక్టర్ని కాదు. పదకొండేళ్లుగా ఇదే పని. మీరు రాసిందాంట్లో మీకు చిన్నగా అనిపించినవే నాకు పెద్దవిగా కనిపిస్తున్నాయి, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

ముందు ఆ దిళ్ల సంగతి. మూడు దిళ్ల నుంచి ఒక దిండుకి రావడమంటే పడుకున్నప్పుడు ఊపిరితిత్తుల్లోకి నీరు చేరడం తగ్గిందన్నమాట. అది ఎకో రిపోర్టులో రాయరు కానీ మేం అడిగే మొదటి ప్రశ్నల్లో అదొకటి.

ఇక ఈఎఫ్. సీఆర్‌టీతో ప్రాణాలు నిలుస్తాయని గట్టిగా తేల్చినవాటిలో 2005లో వచ్చిన కేర్-హెచ్‌ఎఫ్ అనే అధ్యయనం ముఖ్యమైనది. 813 మంది పేషెంట్లు, సగటున 29 నెలలు గమనించారు. మందులు మాత్రమే వాడినవాళ్లలో 30 శాతం మంది చనిపోతే సీఆర్‌టీ కూడా పెట్టినవాళ్లలో 20 శాతం. అంత తేడా చూపించిన ఆ అధ్యయనంలో ఈఎఫ్ ఎంత పెరిగిందో తెలుసా? మందుల గ్రూపుతో పోలిస్తే మూడు నెలలకు 3.7 పాయింట్లు ఎక్కువ, 18 నెలలకు 6.9. అంతే. 25 నుంచి 50కి వెళ్లినవాళ్లు ఉంటారు, వాళ్లని సూపర్ రెస్పాండర్లంటారు, కానీ అందరికీ అదే కొలత పెట్టుకుంటే చాలామంది ఇళ్లల్లో అనవసరంగా ఏడుపే. పైగా ఎకోలో ఈఎఫ్ అంచనా ఒకరు చూస్తే 29, ఇంకొకరు చూస్తే 33 రావచ్చు, మెషీన్ మారినా మారుతుంది.

అందుకని రిపోర్ట్ మళ్లీ తీయండి. ఈఎస్‌వీ అని ఉంటుంది, గుండె పిండేశాక లోపల మిగిలిపోయిన రక్తం ఎన్ని మిల్లీలీటర్లో అది. ఆపరేషన్‌కి ముందుదీ ఇప్పటిదీ పక్కపక్కన పెట్టి చూడండి. 15 శాతం లేదా అంతకన్నా ఎక్కువ తగ్గితే సీఆర్‌టీకి స్పందించినట్టు లెక్క, పరిశోధనల్లో ఎక్కువగా వాడే కొలత అదే.

రెండోది నా పనికి సంబంధించింది. నాన్నగారి గుండె కొట్టుకునే ప్రతి వంద బీట్లలో ఎన్నిటిని సీఆర్‌టీ బాక్స్ రెండువైపుల నుంచి నడిపిస్తోంది? దీన్ని బైవెంట్రిక్యులర్ పేసింగ్ శాతం అంటాం. 2011లో 36,000 మందికి పైగా పేషెంట్ల డేటా చూసినప్పుడు ఈ శాతం 98 దాటినవాళ్లలోనే మరణాలు అన్నిటికంటే తక్కువగా కనిపించాయి. 90 బానే ఉంది కదా అనిపిస్తుంది, సీఆర్‌టీలో అది చాలదు. లెఫ్ట్ బండిల్ బ్లాక్ ఉన్న గుండెలో మధ్య గోడ ముందు బిగుస్తుంది, కరెంటు ఆలస్యంగా అందే పక్కగోడ తర్వాత బిగుస్తుంది. తడి బట్టను రెండు చేతులా పట్టి పిండేటప్పుడు ఒక చెయ్యి తిప్పేసి వదిలాక రెండోది తిప్పడం మొదలుపెడితే నీళ్లు కారవు కదా, అలా. బాక్స్ ఆ రెండు చేతుల్నీ ఒకేసారి తిప్పిస్తుంది. అది నడిపించని ప్రతి బీటూ పాత పద్ధతిలోనే పోతుంది.

ఇక ఆ టక్ టక్. నేను చెప్పానని నాన్నగారితో చెప్పి ఆ ఒట్టు తీయించుకోండి. ఎడమ జఠరిక వైరు గుండె వెనకవైపు సిరలో ఉంటుంది, దానికి దగ్గరగా డయాఫ్రమ్‌కి (ఊపిరి ఆడించే కండరానికి) వెళ్లే నరం పోతుంది, కరెంటు దానికి కూడా తగిలితే అలా ఎగురుతుంది. చాలాసార్లు కోయక్కర్లేదు. ఇప్పుడొచ్చే వైర్లలో ఎక్కువ వాటికి కొనల దగ్గర నాలుగు ఎలక్ట్రోడ్లుంటాయి, ఒక జత బదులు ఇంకో జత నుంచి పంపేలా పైనుంచే ప్రోగ్రామర్‌తో మారుస్తాం, మనిషి మంచం మీద పడుకుని ఉండగానే. దాచిపెడితే మాత్రం నష్టం, ఎందుకంటే వైరు కాస్త జరగడం వల్ల కూడా ఇలా మొదలవ్వచ్చు.

సంధ్యవేళ:

పై రిప్లై చదివి రాయాలనిపించింది. మా అమ్మకి నాలుగేళ్ల కింద పెట్టించాం, పని చేయలేదు. మీ నాన్నగారి కేసు వేరు, భయపెట్టడానికి రాయట్లేదు, ఈ దారం తర్వాత చదివేవాళ్ల కోసం రాస్తున్నాను.

అమ్మకి అంతకుముందు రెండుసార్లు హార్ట్ ఎటాక్ వచ్చింది, గుండె ఎడమ పక్కగోడలో చాలా భాగం మచ్చకట్టిపోయింది. ఈసీజీలో ఉన్నది రైట్ బండిల్ బ్లాక్, క్యూఆర్‌ఎస్ 134. అప్పుడు నాకివేవీ తెలియవు, "పంపింగ్ తగ్గింది, పెడదాం" అంటే సరే అన్నాను. చచ్చిన కండరానికి ఎంత కరెంటు పంపినా అది బిగుసుకోదని తర్వాత వేరే డాక్టరు ఈసీజీ కాగితం మీద పెన్నుతో గీసి చూపించారు. ఆ కాగితం మీద ఒక చిన్న గడి 40 మిల్లీసెకన్లట, నాలుగు గడులకి దగ్గరగా వెడల్పుండి లెఫ్ట్ బండిల్ ఆకారం ఉంటే లాభం ఎక్కువ, మూడు గడుల చిల్లరతో రైట్ బండిల్ అయితే ఆశ తక్కువ. క్యూఆర్‌ఎస్ 130 కంటే సన్నగా ఉన్నవాళ్లకి పెట్టి చూసిన ఎకోసీఆర్‌టీ అనే అధ్యయనాన్ని 2013లో మధ్యలోనే ఆపేశారు, అక్కడ సీఆర్‌టీ ఆన్ చేసిన గ్రూపులోనే మరణాలు ఎక్కువయ్యాయి.

పెట్టించుకోబోయేవాళ్లు దయచేసి ఈ రెండు ప్రశ్నలు నోరు తెరిచి అడగండి. ఏ బండిల్ బ్లాక్, వెడల్పు ఎంత. నేను అడగలేదు, ఆ బాధ ఇప్పటికీ ఉంది.

పెద్దకొడుకు, మీ నాన్నగారికి లెఫ్ట్ బండిల్, 158, ఎటాక్ రాలేదు. ఈ మూడూ మంచి లక్షణాలే. అమ్మకి నిజం చెప్పండి, ఆవిడ పక్కగదిలోకి రాదనుకుంటున్నారేమో, మీ మొహం చూస్తే తెలిసిపోతుంది.

రెండో బాక్స్:

నేనే పేషెంట్‌ని. తొమ్మిదేళ్లయింది, మొదటి బాక్స్ బ్యాటరీ అయిపోయి ఇప్పుడు రెండోది నడుస్తోంది. ఈఎఫ్ 22తో మొదలుపెట్టాను. ఆరు నెలలకి 30, ఏడాదికి 41, రెండేళ్లకి 48. ఆరో నెలలో నేనూ మీలాగే కుదేలయ్యాను కాబట్టి తొందరపడి తేల్చేయకండి.

ఇంకో మాట. 48 వచ్చాక నయమైపోయిందనుకుని నేను మాత్రలు మానేశాను. ఎవరికీ చెప్పలేదు. బాక్స్ ఉంది కదా, అది చూసుకుంటుందనుకున్నాను. నాలుగు నెలలకి సాయంత్రానికి చెప్పులు బిగుతవడం, మెట్ల మధ్యలో ఆగడం, ఎకో తీస్తే 34. మళ్లీ మందులు మొదలుపెట్టి ఇంచుమించు ఏడాది పట్టింది వెనక్కి రావడానికి. డైలేటెడ్ కార్డియోమయోపతి నుంచి కోలుకున్నవాళ్లకి మందులు ఆపి చూసిన ఒక అధ్యయనం 2019లో వచ్చింది, ఆపినవాళ్లలో 44 శాతం మందికి ఆరు నెలల్లోపే జబ్బు తిరగబెట్టింది. డాక్టరు ఆ కాగితం నా ముందు పెట్టినప్పుడు తల దించుకున్నాను. బీటా బ్లాకరూ, మిగతా మాత్రలూ బాక్స్‌తో సమానంగా పని చేస్తాయి తమ్ముడూ, నాన్నగారు పూటలు తప్పకుండా చూసుకో.

పెద్దకొడుకు:

అందరికీ పేరుపేరునా థాంక్స్. నాలుగు రోజులుగా సరిగ్గా నిద్రపోయింది నిన్న రాత్రే.

పాత ఎకో, కొత్త ఎకో పక్కపక్కన పెట్టాను. గుండె పిండాక మిగిలేది ముందు 168, ఇప్పుడు 140. నిండినప్పుడు ముందు 224, ఇప్పుడు 197. అంటే మిగిలేది దాదాపు 17 శాతం తగ్గింది. ఈ రెండు రిపోర్టులూ ఇన్నాళ్లూ ఒకే ఫైల్లో ఉన్నాయి, నేను 29 అనే అంకె తప్ప ఇంకేదీ చూడలేదు.

నిన్న పేసింగ్ క్లినిక్‌కి తీసుకెళ్లాను. నాన్నగారే స్వయంగా ఎగురుడు గురించి చెప్పారు. టెక్నీషియన్ ఎడమవైపు ఒత్తిగిలమని, కంప్యూటర్ మీద ఏదో మార్చి "ఇప్పుడు?" అని అడగడం, నాన్నగారు "ఉంది" అనడం, మళ్లీ మార్చడం. మూడోసారి కాసేపు ఏమీ మాట్లాడకుండా పడుకుని, తర్వాత మెల్లిగా "లేదమ్మా" అన్నారు. వైరు ఉన్నచోటే ఉందని ఎక్స్‌రే తీసి చూశారు.

పేసింగ్ శాతం మాత్రం 86 ఉంది. ఎక్స్‌ట్రా బీట్లు ఎక్కువగా వస్తున్నాయట, వాటిలో బాక్స్ ప్రమేయం ఉండదన్నారు. 24 గంటల హోల్టర్ (ఒంటికి తగిలించుకునే ఈసీజీ మిషన్) పెట్టారు. రిపోర్ట్ బట్టి మందా, అబ్లేషనా అనేది చూద్దామన్నారు. 86 అంటే భయపడాలా?

పేసర్‌డెస్క్:

168 నుంచి 140 అంటే మీ నాన్నగారు స్పందించినట్టేనండి, అనుమానం లేదు. ఇంకో సంగతి గమనించారా, ముందు ఒక్కో బీటుకి 224లోంచి 168 తీసేస్తే 56 మిల్లీలీటర్లు బయటికి పంపేది, ఇప్పుడు 57 పంపుతోంది. సాగిపోయిన గుండె చిన్నదై, తక్కువ శ్రమతో అంతే పని చేస్తోంది. అది కూడా 86 శాతం పేసింగ్‌తో. అందుకే నేనైతే ఈ 86ని చూసి సంతోషిస్తాను, కారణం దొరికింది, సరిచేసే వీలుంది. సీఆర్‌టీ పని చేయనివాళ్లలో ఎంతోమందికి వెతికినా కారణం దొరకదు.

ఎక్స్‌ట్రా బీట్లని తగ్గించడానికి అమియోడరోన్ లాంటి మందు ఇస్తారు, లేదా అవి ఎక్కువగా ఒకేచోట నుంచి పుడుతుంటే కాథెటర్‌తో (సన్నటి గొట్టంతో) ఆ చోటుని కాల్చేస్తారు, అబ్లేషన్ అంటే అదే. ఏది సరిపోతుందో హోల్టర్ చూసి డాక్టరే తేల్చాలి. అమియోడరోన్ ఇస్తే థైరాయిడ్, లివర్ పరీక్షలు అప్పుడప్పుడు చేయిస్తూ ఉండాలి, అది అడిగి రాయించుకోండి. పొటాషియం, మెగ్నీషియం కూడా ఒకసారి చూడమనండి, నీరు పోయే మాత్రలు వాడేవాళ్లలో అవి తగ్గినా ఇలాంటి బీట్లు పెరుగుతాయి.

ఒక జాగ్రత్త. మిషన్ చూపించే శాతం అది ఎన్నిసార్లు కరెంటు పంపిందో చెప్తుంది, ప్రతిసారీ గుండె ఆ కరెంటుకే బిగిసిందని కాదు. కొన్ని బీట్లలో గుండె సొంత కరెంటూ బాక్స్ కరెంటూ కలిసిపోతాయి, లెక్కలో మాత్రం పేసింగ్ కిందే పడతాయి. నిన్న ఎలక్ట్రోడ్ జత మార్చారు కాబట్టి ఈసారి వెళ్లినప్పుడు 12 లీడ్ల ఈసీజీ తీసి, గుండె ఎడమవైపు ఆ కరెంటుని నిజంగా పట్టుకుంటోందో లేదో చూడమని అడగండి.

పెద్దకొడుకు:

హోల్టర్ రిపోర్ట్ సోమవారం ఇస్తామన్నారు. ఈసీజీ, పొటాషియం, మెగ్నీషియం, థైరాయిడ్, పేసింగ్ శాతం, అన్నీ చీటీ మీద రాసుకున్నాను, ఈసారి లోపలికెళ్లాక చేతిలో పట్టుకునే అడుగుతాను. సంధ్యవేళ గారూ, అమ్మకి అంతా చెప్పేశాను. రెండు రిపోర్టులూ తీసుకుని కళ్లజోడు పెట్టుకుని వేలితో అంకెలు వెతుక్కుంటూ చదివింది. "140 ఇంకా తగ్గాలా?" అని అడిగింది. తగ్గాలమ్మా అన్నాను.

నాన్నగారు రాత్రి ఎడమవైపు తిరిగి పడుకున్నారు. రిపోర్ట్ రాగానే ఇక్కడే పెడతాను.