మ్యూజియంలో టచ్ స్క్రీన్లు ఉండాలా, తీసేయాలా?

గాజుపెట్టె:
మ్యూజియానికి వెళ్లేది వస్తువును చూడటానికి. ఇప్పుడు ఏ గదిలో చూసినా టచ్ స్క్రీన్లే. పిల్లలు వాటిని నొక్కుతూ నిలబడిపోతారు, వెనకున్న రెండు వేల ఏళ్ల నాటి కుండ వైపు ఒక్కరూ తిరగరు. తెర వెలుగుతుంటే కన్ను అటే పోతుంది. తీసేయాలనే నా వాదన.

వేలికొస:
గాజుపెట్టె గారూ, నాకు చూపు లేదు. పెయింటింగ్ అంటే నాకు పక్కవాళ్లు చెప్పే నాలుగు మాటలే. మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియం 2015లో 6 చిత్రాలను ఉబ్బెత్తుగా ముద్రించి, వేళ్లతో తడిమి చూడమంది. రంగులు అలాగే ఉంచారు, కొద్దిగా చూపున్నవాళ్లకు అవీ పనికొస్తాయని. చూపున్నవాళ్లకైతే నల్లద్దాలిచ్చి, మీరూ తడమండి అన్నారు. టెక్నాలజీ లేకపోతే ఆ గదిలో నాకేముంది?

గాజుపెట్టె:
అది న్యాయమే, ఒప్పుకుంటున్నాను. కానీ అది తెర కాదు కదండీ. నా గొడవంతా తెరతోనే.

గ్యాలరీ డ్యూటీ:
నేను మ్యూజియం ఉద్యోగిని. రోజూ చూసేది చెబుతాను. తెర ఉండటం కాదు, అది ఏం అడుగుతోందన్నది ముఖ్యం. క్విజ్ పెడితే జనం తెరనే చూస్తారు. "ఈ విగ్రహం నిలుచున్నట్టు నిలబడండి" అంటే పది సార్లు విగ్రహం వైపు చూడక తప్పదు. అమెరికాలోని క్లీవ్‌లాండ్ కళా మ్యూజియం 2013లో 40 అడుగుల టచ్ గోడ పెట్టింది. 2017లో గ్యాలరీలోని టచ్ స్క్రీన్ల స్థానంలో ఒంటి కదలికలకు స్పందించేవి తెచ్చారు, తల వంచకుండా బొమ్మనే చూడాలని.

ఇంకో మాట. కొనడానికి డబ్బొస్తుంది, బాగుచేయడానికి రాదు. "పనిచేయడం లేదు" అని కాగితం అంటించిన తెర కన్నా ఖాళీ గోడ నయం.

గాజుపెట్టె:
అలాగైతే ఆడియో గైడ్ చాలదా? ఆమ్‌స్టర్‌డామ్‌లోని స్టెడెలిక్ మ్యూజియంలో 1952లోనే ఉంది. మాట చెవిలో, చూపు బొమ్మ మీద.

రెండు చేతులు:
మా అమ్మాయికి వినపడదండీ. తనకు సైగల భాష వీడియో కావాలి, అది తెర మీదే వస్తుంది. తీసేయాలంటే ముందు మా అమ్మాయికి ఏం ఇస్తారో చెప్పండి.

గాజుపెట్టె:
అది నేను ఆలోచించలేదు. అయితే ఆ వీడియో వస్తువు పక్కనే, కంటి ఎత్తులో పెట్టాలి. ఆటలు మాత్రం గ్యాలరీ బయటి హాల్లో ఉండాలి. ఈ ఒక్క విషయంలో వెనక్కి తగ్గను.